టెర్మినల్‌లో తెలుగు చెదిరిపోతోందా? ఫాంట్ మార్చేముందు ఇది చదవండి

ఫోన్ బ్యాటరీ టెస్ట్ చేసేటప్పుడు ఛార్జింగ్ శాతాన్ని లైనక్స్ ల్యాప్‌టాప్ టెర్మినల్‌లో లైవ్‌గా చూద్దామని సీ లాంగ్వేజ్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఏడీబీతో డేటా తీసుకుని, ఎన్‌కర్సెస్ లైబ్రరీతో బాక్స్ గీసి చూపించడం, అంతే. ఇంగ్లిష్‌లో బాగానే వచ్చింది. హెడ్డింగ్‌ని ‘బ్యాటరీ’ అని తెలుగులోకి మార్చానో లేదో, స్క్రీన్ నిండా పిచ్చి గుర్తులు! రెండు సాయంత్రాలు ఫాంట్లు మారుస్తూ కూర్చున్నా. పాపం, ఫాంట్ తప్పేం లేదు.

నేను మర్చిపోయింది ఒక్క లైన్. ఎన్‌కర్సెస్‌ని స్టార్ట్ చేసే ఇనిట్‌ఎస్‌సీఆర్ కంటే ముందే సెట్‌లొకేల్‌ని ఎల్‌సీ ఆల్, ఖాళీ స్ట్రింగ్‌లతో పిలవాలి. లేకపోతే లైబ్రరీ ఒక్కో బైట్‌ని ఒక్కో అక్షరం అనుకుంటుంది. తెలుగులో ఒక్కో యూనికోడ్ క్యారెక్టర్‌కి యూటీఎఫ్-8లో 3 బైట్లు కావాలి కదా! అలాగే మామూలు ఎన్‌కర్సెస్ బదులు, చివర డబ్ల్యూ ఉన్న వైడ్ వెర్షన్‌తో లింక్ చేయాలి.

అక్షరాలు వచ్చాయి గానీ బాక్స్ కుడి గీత పక్కకి జరిగింది. ‘బ్యాటరీ’ మన కంటికి 3 అక్షరాలు. యూనికోడ్‌లో 7 క్యారెక్టర్లు, మొత్తం 21 బైట్లు. టెర్మినల్‌లో పట్టేది మాత్రం 4 గళ్లు. నేను స్ట్ర్‌లెన్ ఇచ్చిన 21తో ఖాళీలు లెక్కేశాను. డబ్ల్యూసీఎస్‌విడ్త్ వాడాక గీత సరైన చోటికి వచ్చింది.

ఒత్తులు అందంగా కలవడం మాత్రం టెర్మినల్ యాప్ చేతిలోనే ఉంటుంది. మీ కోడ్ కరెక్టే అయినా ‘బ్యా’ విడివిడిగా కనిపిస్తే, వేరే టెర్మినల్‌లో ఒకసారి రన్ చేసి చూడండి.