లారీ పట్టా సంచి అయిన వైనం

పాత టార్పాలిన్ పట్టా విలువ పల్లెటూరి కుటుంబాలకు చెప్పనక్కరలేదు. లారీ దిగిన పట్టా గడ్డివాముపైనో, ధాన్యపు రాశిపైనో, కారే కప్పుపైనో మరికొన్నేళ్లు పనిచేస్తుంది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ నగరంలో అదే పట్టా అనేకులకు జీవనాధారమైంది.

మార్కస్, డేనియల్ ఫ్రైటాగ్ సోదరులు చిత్రరూపకర్తలు. సైకిలుపై వెళ్లేటప్పుడు తమ చిత్రాలు వానకు తడవని సంచి వారికి అవసరమైంది. వారి నివాసం ఎదుటి రహదారిపై నిత్యం లారీలు సాగిపోయేవి. వాటి రంగురంగుల పట్టాలను చూచి 1993లో తొలి సంచిని కుట్టారు. భుజపు పట్టీకి కారు సీటు బెల్టు, అంచుకు సైకిలు ట్యూబు వాడారు. సైకిలుపై ఉత్తరాలు, పొట్లాలు చేరవేసేవారు భుజాన అడ్డంగా వేసుకొనే సంచియే దానికి నమూనా.

అక్కడి కర్మాగారంలో ముందుగా పట్టాల వలయాలు, పట్టీలు తొలగించి, ముక్కలుగా కోసి, వాననీటితో ఉతికి ఆరబెడతారు. పిమ్మట పనివారు పారదర్శకమైన అచ్చును పట్టాపై పరచి, ఏ రంగు, ఏ అక్షరం ఎక్కడ రావాలో నిర్ణయించి చేతితోనే కోస్తారు. కనుక ఏ రెండు సంచులూ ఒకేలా ఉండవు. న్యూయార్క్‌లోని ఆధునిక కళాసంగ్రహాలయం సైతం వాటిలో ఒకదానిని తన సేకరణలో చేర్చుకొన్నది.

లారీ పట్టాలకు అతుకులు వేసే కుట్టుపనివారు సరిహద్దు పట్టణాలలోనూ ఉన్నారు. మందపు గుడ్డను కుట్టే నేర్పు వారికి కొత్త కాదు. అతుకుకు దక్కేది నాటి కూలి మాత్రమే. ఏ ముక్కను ఏ వస్తువుకు ఎంచుకోవాలో తెలిసినచోట అదే పట్టాకు, అదే చేతికి మంచి వెల పలుకుతున్నది.