గాలి మోసే బరువు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ఊళ్లలో కరెంటు స్తంభాల మీద, ప్రహరీ గోడల మీద రంగుతో రాసిన ఫోన్ నంబర్లు కనిపిస్తుంటాయి. పైన ‘సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్’ అని ఉంటుంది. ఫోన్ చేస్తే లారీయో ట్రాక్టరో గుండ్రటి ఇనుప ట్యాంకరుతో వస్తుంది. గుంత మీది బండ జరిపి లావుపాటి పైపు దించుతారు. ఇంజను మోత పెరుగుతుంది. ఇంటివాళ్లు ముక్కు మూసుకుని లోపలికి పోతారు. నిజానికి నిలబడి చూడాల్సిన పని అది.

ఆ యంత్రంలోని పంపు మడ్డిని తాకనే తాకదు. అది తోడేది ట్యాంకరులోని గాలిని. పంపు లోపల ఓ పక్కకు జరిపి బిగించిన ఇరుసు తిరుగుతుంటే, దాని గాళ్లలో కదిలే పలకలు గోడను ఒరుసుకుంటూ గాలిని విడతలు విడతలుగా బయటికి నెట్టేస్తాయి. ట్యాంకరులో గాలి పలచబడుతుంది. గుంత మీద మాత్రం వాతావరణం చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో బరువుతో నొక్కుతూనే ఉంటుంది. మడ్డిని పైపులోకి ఎక్కించేది ఆ ఒత్తిడే. మడ్డి పంపు దాకా రాకుండా ట్యాంకరు పైభాగంలో తేలే బంతి ఒకటి దారి మూస్తుంది. కవాటం తిప్పితే అదే పంపు గాలిని లోపలికి కొట్టి ట్యాంకరును ఖాళీ చేస్తుంది.

ఎంత మంచి పంపయినా వాతావరణపు ఒత్తిడితో నీటిని సుమారు పది మీటర్లకు మించి ఎత్తలేదు. మడ్డి నీటికంటే చిక్కన, పైపు గోడల రాపిడి అదనం, కాబట్టి అసలు లెక్క ఇంకా తక్కువే. లోతైన గుంత దగ్గర, సన్నటి గల్లీ చివరి ఇంటి దగ్గర యంత్రం తడబడేది ఇందుకే.

ఈ ఒత్తిడి బలాన్ని లోకానికి చూపించినవాడు జర్మనీలోని మాగ్డెబర్గ్ నగర పాలకుడు ఓటో ఫాన్ గెరికె. 1650లలో ఆయన రెండు అర్ధగోళాలను కలిపి, లోపలి గాలి తోడేస్తే గుర్రాల జట్లు అటూ ఇటూ లాగినా విడిపోలేదు. రెండు శతాబ్దాల తర్వాత చార్లెస్ లియర్నూర్ అనే డచ్ ఇంజనీరు అదే బలాన్ని మరుగుదొడ్లకు కలిపాడు. ఇళ్ల పైపులను భూమిలోని ఇనుప ట్యాంకులకు చేర్చి, ఆవిరి యంత్రంతో గాలి లాగేవారు. 1870లలో లైడెన్, ఆమ్‌స్టర్‌డామ్ నగరాల్లో ఇది నడిచింది. ఆ మలాన్ని రైతులకు ఎరువుగా అమ్మాలని లియర్నూర్ ఆశ. నీళ్లు ధారాళంగా పోసే మరుగుదొడ్లు పెరిగేసరికి సరుకు పలచబడి బేరం పోయింది. ఆయన పేరు మరుగున పడినా, గాలి తోడి మలం ఎత్తే ఉపాయం మన గల్లీల దాకా వచ్చింది.

గుంత కథ వేరు. ఫ్రాన్సులోని వెజూల్‌లో జాన్ లూయీ మూరా 1860 ప్రాంతంలో ఇంటి మురుగుకు మూసిన తొట్టి కట్టుకున్నాడు. పన్నెండేళ్లకు తెరిచి చూస్తే గట్టి పదార్థం ఆశ్చర్యపోయేంత తక్కువగా ఉంది. గాలి అవసరం లేని సూక్ష్మజీవులు దాన్ని అరిగించాయి. 1881లో పేటెంటు వచ్చింది. 1890లలో ఇంగ్లండులోని ఎక్సెటర్ నగర సర్వేయరు డొనాల్డ్ కామెరాన్ దీన్ని మెరుగుపరిచి ‘సెప్టిక్ ట్యాంక్’ అని పేరు పెట్టాడు. అయితే మూరా కాలం నాటి సంబరం ఒక భ్రమను కూడా వెంటబెట్టుకొచ్చింది: దీన్ని ఎన్నటికీ తీయనక్కర్లేదని. అరిగేది కొంతే. మిగిలింది అడుగున మడ్డిగా, పైన తెట్టుగా పేరుకుంటుంది, నడుమ నీటికి చోటు తగ్గుతుంది. రెండు మూడేళ్లకోసారి తోడించాలని ఇంజనీర్లు చెబుతారు. మన దగ్గర పొంగి పొర్లిన రోజే గుర్తొస్తుంది. గుంత ఎంత పెద్దదైతే అంత నిశ్చింత అనుకుని, అడుగు కట్టకుండా రాళ్లు పేర్చి లోతుగా తవ్వించినవి పాత ఇళ్ల వెనక ఎన్నో ఉంటాయి. అవి సెప్టిక్ ట్యాంకులు కావు. పక్కనే బోరు ఉంటే ఆ నీళ్లు ఏమవుతాయో ఆలోచించాలి.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. నేల అలా కదిలితే పాత పైపుల అతుకులు విడిపోతాయి, ఆ సందులోంచి వేపచెట్టు వేరు దూరుతుంది. పైగా రేగడి నీళ్లను త్వరగా ఇంకనివ్వదు. మిద్దె ఇళ్లకు మరుగుదొడ్డి తర్వాతెప్పుడో చేర్చింది కాబట్టి పైపు వంకర్లు తిరిగి మోరీ పక్కనుంచి పోతుంది. అడ్డు పడితే ఒకప్పుడు వెదురు బద్దే దిక్కు. అమెరికాలోని అయోవాలో శామ్యూల్ బ్లాంక్ 1930లలో వాషింగ్ మెషీన్ మోటారుకు ఉక్కు తీగ, కొసన కత్తి బిగించి పైపులోని వేర్లు కోసే యంత్రం చేశాడు. నేటి స్ప్రింగు మిషన్లు దాని వారసులే. ఒత్తిడితో నీళ్లు చిమ్మే జెట్టింగ్ యంత్రం ఆ తర్వాతది. దాని ముక్కు నుంచి నీళ్లు వెనక్కి కొడతాయి, ఆ తోపుకు గొట్టం తనంతట తాను ముందుకు పాకుతుంది.

ఇన్ని ఉపాయాలుండగా రక్షణ సామగ్రి లేకుండా మనిషిని గుంతలోకి దింపడం నేరం. మాటవరసకు అనడం లేదు, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం అదే చెబుతుంది. మడ్డిని కదిపితే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎగుస్తుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన. గాఢత పది లక్షల భాగాలకు నూరు దాటితే ముక్కే మొద్దుబారి వాసన తెలియదు, ఇంకా పెరిగితే క్షణాల్లో మనిషి కూలిపోతాడు. గాలికంటే బరువైన వాయువు గనక గుంతలోనే నిలుస్తుంది. కాపాడబోయినవాళ్లూ పోయేది అందుకే. కోలార్ బంగారు గనుల్లోని తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయనకు అండగా నిలిచిన మన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ఈ పనికి వ్యతిరేకంగా దశాబ్దాలు పోరాడారు. వారి సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులోనే 2014 మార్చి 27న సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలంది. 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. హైదరాబాద్ జలమండలి 2017లో ఇరుకు గల్లీల్లో దూరగల 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను దించింది. దళిత పారిశ్రామికుల సంఘం డిక్కీ తోడ్పాటుతో, పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాల వాళ్లు కూడా వాటి యజమానులయ్యారు. 2019లో ఢిల్లీ ఆ బాట పట్టింది. నా దృష్టిలో ఈ యంత్రం జీవితంలో అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే.

తోడిన మడ్డి ఎక్కడికి పోతుందన్నది ఇంటివాళ్లు అడగని ప్రశ్న. వాగులోనో బీట్లోనో పారబోస్తే అందులోని నులిపురుగుల గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. అందుకే 2016లోనే వరంగల్ నగరపాలక సంస్థ ట్యాంకర్లకు నియమాలు పెట్టింది. పల్లెకు మరో దారీ ఉంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ అప్పటి కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్, ఇతర అధికారులు స్వయంగా ఒక గుంతలోకి దిగి ఎరువు ఎత్తారు. అది రెండు గుంతల మరుగుదొడ్డి. ఒక గుంత నిండాక మూసి ఆరనిస్తే ఏడాది పైచిలుకులో లోపలిది వాసన లేని మట్టి అవుతుంది. నీటి కింద నానే సెప్టిక్ ట్యాంకు మడ్డి ఎన్నేళ్లున్నా అలా మారదు, దాన్ని ట్యాంకరే తీయాలి. కొత్తగా కట్టేవాళ్లకు ఎంచుకునే వీలుంది. పాత ఇంటివాళ్లు మాత్రం బండ మీద పైపు పట్టేంత మూత ఒకటి పెట్టించుకుని, ట్యాంకరు వచ్చినప్పుడు ఆ మడ్డిని ఎక్కడ పోస్తారో డ్రైవరును అడగాలి.