మీకు తెలుసా? సాక్ష్యమైన బొగ్గు పొగ

గోదావరిఖని, బెల్లంపల్లి గనులనుండి వెలువడిన బొగ్గు మండి బూడిదయైనను, దాని పొగ లెక్క మాత్రము చెరగలేదు. 1854 మొదలు 2010 వఱకు ఏ సంస్థ ఇంధనమువలన ఎంత బొగ్గుపులుసు వాయువు వెలువడెనో గణించి రిచర్డ్ హీడ్ అను పరిశోధకుడు 2014లో ప్రకటించిన తొంబది సంస్థల పట్టికలో ఆ గనుల సంస్థయైన మన సింగరేణియు నున్నది. ఆ గణనమునే ఆధారముగా గైకొని పెరూ దేశపు రైతొకడు, హిమానీనదము కరిగి పొంగు సరస్సువలన తన యింటికి ముప్పు గలదని, జర్మనీలోని ఆర్‌డబ్ల్యుఈ విద్యుత్సంస్థపై 2015లో వ్యాజ్యము వేసి, ఉద్గారములలో దాని వంతు 0.47 శాతమే గనుక రక్షణ వ్యయములోను అంతే యిమ్మనెను. ఎంత నిక్కచ్చి బేరమో చూడుడు! 2025 మే నెలలో ఆ దేశపు హామ్ నగరమందలి న్యాయస్థానము, అతని యింటికి ఆసన్నమైన ముప్పు లేదని దావా కొట్టివేసినను, ఇట్టి సంస్థలు బాధ్యత వహింపవలసి రావచ్చునని సూత్రప్రాయముగా నంగీకరించెను. ఇక ఆ పట్టికలోని సింగరేణి యెవరిదందురా, అందులో 51 శాతము తెలంగాణ ప్రభుత్వముది, 49 శాతము కేంద్రముది.