సూరత్ నుండి సువర్ణభూమికి

1915వ సంవత్సరమున సయాము దేశమును, అనగా నేటి థాయిలాండును, పాలించుచుండిన వజ్రాయుధ మహారాజు తన రాజ్యపు దక్షిణభాగమందలి యొక పట్టణమునకు సూరత్ థానీ యని నూతన నామమొసగి, దాని చెంత ప్రవహించు నదికి తాపీ యని పేరిడెను; మన సూరత్ నగరము తాపీ నదీముఖమున వెలసియున్నది గనుక, నగరనామము వెంట నదీనామము కూడ సముద్రము దాటిపోయినది. థాయి భాషలో ఆ పట్టణనామమునకు సజ్జనుల పురమని యర్థము చెప్పుదురు. నూరేండ్లకు పైబడి కాలము గడచిన పిమ్మట, 2024 డిసెంబరు 20వ తేదీన, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ వారి విమానము సూరత్ నుండి నేరుగా బ్యాంకాక్‌నకు ఎగిరినది.

ఈ దారి తెరచుకొనుట వలన మేలు పొందదగినవారు సంపన్నులు కారు. వారికి ముంబయి విమానాశ్రయము ఎన్నడును దూరము కాలేదు. సిరిసిల్ల, వరంగల్లు, నల్లగొండ సీమల నుండి నేతపనికై వలసవచ్చి, లింబాయత్, ఉధనా, పర్వత్ పాటియా, గోడాదరా వాడలలో సాంచాల (మరమగ్గముల) చప్పుళ్ల నడుమ తరములుగా స్థిరపడిన తెలుగు పద్మశాలి కుటుంబములను నేను తలచుచున్నాను. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున బడులు నడుపవలసి వచ్చునంతటి సమూహమిది. వీరికి ప్రయాణమనగా వేసవిలో పెండ్లిండ్లకు స్వగ్రామమునకు పోవుట, లేదా మ్రొక్కు తీర్చుకొనుటకు తిరుపతికో షిర్డీకో పోవుట. ఇపుడు వీరి పిల్లలు ఒక్కమారైనను పరదేశపు నగరమును చూడవలెనని కోరుచున్నారు. ఆ కోరిక న్యాయమైనది. 2019లో షార్జా విమానముతో మొదలైన అంతర్జాతీయ రాకపోకలు, 2023 డిసెంబరులో సూరత్ విమానాశ్రయమునకు అంతర్జాతీయ హోదా లభించుటతో బలపడినవి. అంతకు మునుపు ఐదుగురు సభ్యులున్న కుటుంబము విదేశమునకు పోవలెనన్న, ముంబయి వరకు రెండువందల అరువది కిలోమీటర్లు రైలెక్కి, టాక్సీ పట్టి, ఒక పూట హోటలు గది తీసికొని, తిరుగుదారిలో మరల అంతయు చెల్లింపవలసి యుండెను. ఆ సొమ్ముతో ఇపుడు బ్యాంకాక్‌లో రెండు రాత్రులు గడుపవచ్చును.

మా కుటుంబము మొదటిసారి సముద్రము దాటినపుడు, ఐదు దినములలో మూడు నగరములు చూపెదనని చెప్పిన యొక ఏజెంటు మాటకు నేను తలయూపితిని. మూడు నగరములును బస్సు అద్దము వెనుకనుండియే కనబడినవి; మిగిలిన కాలము అతడు ముందుగా మాటలాడుకొనియున్న దుకాణములలో గడచినది. నాలుగవ దినమున మా అమ్మ పాదములు వాచి, హోటలు గదిలో మంచముపై కూర్చుండి, 'మీరు పోయి చూసి రండ్రి బిడ్డా, నేనింట్లనే ఉన్నట్టనుకోండ్రి' అని పలికినపుడు, వెచ్చించిన ధనముకంటె ఆ మాటయే నన్నెక్కువ బాధించినది. అప్పటినుండి నా అభిప్రాయమిది: సామాన్య కుటుంబము తక్కువ వ్యయముతో విదేశయాత్ర చేయదలచినచో, చవుక టికెట్టును వెదకుటకు ముందు, దగ్గరి నగరమును, అదియు ఒక్క నగరమునే యెన్నుకొనవలెను, అయిదు రాత్రులును ఒకే గదిలో నిదురింపవలెను, ఇంటిలోని పెద్దవారి కాళ్లును, చిన్నవారి ఓపికయు ఎంత నడువగలవో అంతయే దినచర్యగా పెట్టుకొనవలెను. సూరత్ థానీ యన్న పేరు మనదే గదా యని, బ్యాంకాక్ నుండి ఆరువందల యేబది కిలోమీటర్లు దక్షిణమునకు పరుగెత్తుట సైతము ఈ నియమమునకు భంగమే.

బ్యాంకాక్‌నే యేల యెన్నుకొనవలెనని అడుగువారికి లెక్క చెప్పెదను. నాయనమ్మ, తల్లిదండ్రులు, పదునాలుగేండ్ల అమ్మాయి, తొమ్మిదేండ్ల అబ్బాయి కలిసి ఐరోపాలోని పారిస్‌ను చూడదలచిరనుకొనుడు. షెంగెన్ వీసా రుసుము 2024 జూన్ నుండి పెద్దలకు 90 యూరోలు, ఆరు మొదలు పండ్రెండేండ్లలోపు పిల్లలకు 45 యూరోలు. పదునాలుగేండ్ల పిల్ల పెద్దల లెక్కలోనికే వచ్చును గనుక మొత్తము 405 యూరోలు, అనగా సుమారు నలుబది వేల రూపాయలు, దరఖాస్తు కేంద్రపు రుసుము గాక. వీసా రాకున్నను ఆ సొమ్ము తిరిగి రాదు. దుబాయికిని సింగపూరుకును మన పాస్‌పోర్టుకు వీసా కావలెను. థాయిలాండ్ ప్రభుత్వము 2023 నవంబరు నుండి భారతీయులకు వీసా అక్కరలేదని ప్రకటించి, 2024 జూలై 15 నుండి అట్లు అరువది దినములుండుటకు అనుమతించినది. 2025 మే నుండి, రుసుము లేని డిజిటల్ రాకపత్రము మాత్రము ప్రయాణమునకు ముందు నింపవలసియున్నది. ఇట్టి నిబంధనలు మారుచుండును గనుక, టికెట్టు కొనక పూర్వము ఆ దేశపు రాయబార కార్యాలయము వారి ప్రకటనను స్వయముగా చదువుకొనుట అవసరము. ఇరుగుపొరుగువారి మాట నమ్మరాదు.

ఇక పోవు కాలము. సూరత్‌లో ఈ ప్రశ్నకు స్వేచ్ఛ తక్కువ. దీపావళికి సాంచాలు ఆగును, వస్త్రవిపణులు మూతపడును, బడులకు మూడు వారముల సెలవు వచ్చును. నగరమంతయు ఒక్కసారిగా కదలును, టికెట్ల ధరలును అట్లే పైకెగయును. అయితే, ఆ రద్దీయంతయు సెలవుల మొదటి వారముననే యుండును. దీపావళి అమావాస్యకు పదునైదవ దినమున మనకు కార్తీకపూర్ణిమ. థాయి పంచాంగమున పండ్రెండవ మాసపు పూర్ణిమయు సాధారణముగా ఆనాడే వచ్చును. ఆ రాత్రి వారు లోయ్ క్రథోంగ్ అను పండుగ జరుపుకొందురు. అరటిబోదెను బిళ్లగా కోసి, అరటియాకు మడతలతో అలంకరించి, పూలు, అగరువత్తి, చిన్న దీపము నిలిపి, చావొ ఫ్రాయా నదిలోను చెరువులలోను విడుతురు. ఏడాది పొడవునను నీటిని వాడుకొని మలినపరచినందుకు జలదేవతను క్షమింపుమని వేడుకొందురు. ఆ దేవతను వారు పిలుచు పేరు ఖోంఖా, అనగా మన గంగమ్మయే. తెల్లవారుజామున చెరువుగట్టున అరటిదొప్పలో ఒత్తి వెలిగించి నీట విడిచిన ఏ తెలుగు ఇల్లాలికిని ఈ దృశ్యమును వివరించి చెప్పనక్కరలేదు. నదీతీరమున ఈ పండుగను చూచుటకు టికెట్టు లేదు. సెలవుల చివరి వారమున బయలుదేరి, పూర్ణిమను అచ్చట గడిపి, బడి తెరచునాటికి తిరిగి వచ్చునట్లు ఏర్పాటు చేసికొన్నచో, ధరయు కొంత తగ్గును, వర్షములు వెనుకబట్టి వాతావరణమును చల్లబడును.

దీనికి సన్నాహము ఆరునెలల ముందే ఆరంభము కావలెను. మొదటిది పాస్‌పోర్టు. పెద్దలకు ముప్పదియారు పుటల పుస్తకము 1500 రూపాయలు, పదేండ్లు చెల్లును. పిల్లలది 1000 రూపాయలు, అయిదేండ్లే చెల్లును. అరువదేండ్లు దాటినవారికిని, ఎనిమిదేండ్ల లోపు పిల్లలకును నూటికి పది తగ్గింపు కలదు. పై కుటుంబమునకు మొత్తము 6350 రూపాయలు. ఆలస్యము చేసి తత్కాల్ క్రింద పోయినచో తలకు రెండువేలు అదనము. అనగా ఒక్క అశ్రద్ధకు పదివేలు. ప్రయాణపు నాటికి పాస్‌పోర్టుకు ఆరునెలల గడువు మిగిలియుండునట్లు చూచుకొనవలెను. పిల్లల పుస్తకములు తెలియకయే గడువు దాటుచుండును. రెండవది ధనము. మన వాడలలో చిట్టీ కట్టని యిల్లు అరుదు. బిడ్డ పెండ్లికి, ఇంటి స్లాబుకు చిట్టీ వేసినట్లే యాత్రకును ఒక చిన్న చిట్టీ వేసికొనుట మేలు. వడ్డీకి తెచ్చిన సొమ్ముతోను, క్రెడిట్ కార్డు వాయిదాలతోను విహారమునకు పోవుటను నేను గట్టిగా వారింతును. తిరిగివచ్చిన మరునాటినుండి ఆ అప్పు సాంచె ప్రక్కన నిలుచుండును.

విమానము దిగు సువర్ణభూమి విమానాశ్రయము 2006లో ఆరంభమైనది. ఆ పేరు మన జాతక కథలలోను ప్రాచీన వర్తకుల నోటను వినబడిన పేరే. అచ్చటినుండి నగరములోనికి రైలు కలదు. చివరి స్టేషనగు ఫాయా థాయి వరకు మనిషికి 45 బాతులు, ఐదుగురికి 225. బాతు విలువ రెండున్నర రూపాయలకు పైమాటగా ఉండుచున్నది. ఈ రైలు దారిలోనే రాచప్రారోప్ స్టేషనునకు దగ్గరగా ప్రతూనామ్ అను దుస్తుల బజారు, దాని పరిసరముల మధ్యతరగతి హోటళ్లు, భారతీయ భోజనశాలలు ఉన్నవి. బస అచ్చట చూచుకొన్నచో, మధ్యాహ్నపు ఎండలో నాయనమ్మయు పిల్లవాడును గదికి వచ్చి విశ్రమింపవచ్చును. దూరపు శివారున గది చవుకగా దొరికెనని పోయినవారు, మిగిల్చినదానికి రెట్టింపు టాక్సీలకు పోయుదురు. చార్జీ లేకుండ రద్దు చేసికొను వీలున్న గదినే ముందుగా పట్టుకొనవలెను. అచ్చటి ఏటీఎములు విదేశపు కార్డుకు ప్రతిసారియు రెండువందల బాతులకు పైబడి రుసుము పట్టును గనుక, చిన్న మొత్తములు పలుమార్లు తీయరాదు.

చూడవలసినవానిలో, రుసుము ఎంతయైనను విడువరానిది రాజప్రాసాదము. విదేశీయునకు 500 బాతులు, నూట ఇరువది సెంటీమీటర్లకు లోబడిన పిల్లలకు ఉచితము. ఆ ప్రాంగణమందలి మరకత బుద్ధుని ఆలయము చుట్టును సాగిన మండపపు గోడలపై నూట డెబ్బది యెనిమిది ఘట్టములుగా రామాయణము చిత్రింపబడియున్నది. థాయి రామాయణమునకు రామకియెన్ అని పేరు. 1782లో బ్యాంకాక్‌ను రాజధానిగా చేసికొన్న మొదటి రాముడను రాజు దానిని సమగ్రముగా రచింపజేసెను. అందు రావణుడు దశకంఠుడను పేరుతో, థాయి నోట తొసకాన్ అయి కనబడును. సీత అతని కూతురే యని ఆ కథ. మన నాయనమ్మ ఈ మాట వినినంతనే వాదమునకు దిగును, మనుమలకు అసలు కథ చెప్పుటకు ఆ గోడల నీడనే కూర్చుండును. ఐదు వందల బాతులకు అంతకంటె మంచి పూట దొరకదు. వాట్ ఫో ఆలయమున నలుబదియారు మీటర్ల శయనబుద్ధుని చూచుటకు 300 బాతులు, ఆవలి యొడ్డున అరుణుని పేర వెలసిన వాట్ అరుణ్‌నకు 200 బాతులు. మూడును చూచినచో తలకు వేయి, ఇంటికి అయిదువేలు. నేనైతే రాజప్రాసాదమునకు చెల్లించి, సాయంసంధ్యవేళ అయిదు బాతుల పడవలో నది దాటుచు అరుణాలయ శిఖరమును నీటిమీదనుండియే చూపింతును.

నేతవారి కంటికి నచ్చు వాడ ఇంకొకటి కలదు. పాహురాత్ అను పేరుగల ఆ బజారులో పంజాబీలు మొదలైన భారతీయ వర్తకులు బట్టల తానులు పరచుకొని కూర్చుందురు; నడుమ బంగారు గోపురముతో గురుద్వారా నిలిచియుండును. సాంచె నడుపు తండ్రి అచ్చట తానొక్కింటిని వ్రేళ్లతో నలిపి, నూలు సంగతి కొడుకునకు చెప్పగలడు. మన వస్త్రములు ఆ దేశమునకు పోవుట నిన్న మొన్నటి సంగతి కాదు. 17వ శతాబ్దమున మచిలీపట్నము రేవునుండి అద్దకపు బట్టలు మెర్గీ రేవు మీదుగా అయుత్థయా రాజసభకు చేరెడివి, కొన్ని ఆ దేశస్థుల అభిరుచికి తగిన చిత్రణలతోనే మనవారు తయారుచేసెడివారు. మన అయోధ్య పేరు పెట్టుకొని, 1767లో బర్మా సైన్యముచే ధ్వంసమైన ఆ పాత రాజధాని ఉత్తరమున ఎనుబది కిలోమీటర్ల దూరముననున్నది. మూడవ తరగతి రైలులో ఇరువది బాతుల ప్రాంతమున పోయి, సాయంకాలమునకు గదికి మరలవచ్చును. ఒక్క నగరమే చూడుడను నా నియమమునకు ఈ ఒక్క దినపు ప్రయాణమే నేనంగీకరించు మినహాయింపు.

ఆలయములలో భుజములు, మోకాళ్లు కప్పు దుస్తులు తప్పనిసరి. రాజప్రాసాదము ఈ దినము మూసియున్నదని దారిలో చెప్పి వేరొకచోటికి ఆటోలో తీసికొనిపోజూచువారి మాట వినక, ద్వారము వరకు పోయి చూడవలెను. శాకాహారులు పసుపు పచ్చని జెండాపై ఎఱ్ఱని అక్షరముతో 'జే' అని వ్రాసియున్న చోట నిశ్చింతగా భుజింపవచ్చును. ఇతర చోట్ల కూరగాయలలో సైతము చేపరసము కలియును. ఇంటినుండి సకినాలు, మురుకులు, ఖాఖరాలు తీసికొనిపోయినచో ఉదయపు ఫలాహారము గదిలోనే ముగియును. తిరుగు ప్రయాణమున సువర్ణభూమి విమానాశ్రయమందలి క్షీరసాగరమథన శిల్పమునెదుట పిల్లలను కొంతసేపు నిలువనిండు.

చదువరులకు నా విన్నపమొక్కటి. ఖర్చు తగ్గించుటకని నాయనమ్మను ఇంటివద్ద విడిచి పోకుడు. నదిలో దీపము విడుచు రీతిని పిల్లలకు చూపింపవలసినది ఆమెయే. ఆమె పాస్‌పోర్టుకు నూటయేబది రూపాయల తగ్గింపు సైతము కలదు.