కర్మశాలలో పుట్టిన కోపము

నిజాము రాజ్యములోని వరంగల్లు ప్రాంతమున, నెక్కొండ సమీపారణ్యమునందు 1902వ సంవత్సరమున వైస్రాయి కర్జన్ ప్రభువు పులివేట ఆడినప్పుడు రాజా దీనదయాళ్ తీసిన ఛాయాచిత్రము సుప్రసిద్ధము. కర్జన్ దంపతులు నిలిచియుండగా వారి చెంత పులి చచ్చి పడియున్నది. అట్టి పటమొకటి గోడకు వ్రేలాడదీసికొనినచో వేటకు సాక్ష్యము చాలును గదా యని మనమనుకొందుము. ఆ కాలపు దొరలలోను సంస్థానాధీశులలోను పలువురకది చాలలేదు. వారికి పులియే కావలెను; అదియు తమ హాలులో, చచ్చినట్లుగాక, మీదికి దుముకబోవుచున్నట్లు నిలువవలెను.

ఈ కోరిక తీరుట సులభము కాదు. మన వేసవిలో చచ్చిన మృగముయొక్క చర్మము కొలది గంటలలోనే చెడనారంభించును. సూక్ష్మజీవులు పైపొరను వదులుచేయగా వెండ్రుకలు కుచ్చులు కుచ్చులుగా ఊడివచ్చును. అందుచేత డేరా చేరిన వెంటనే తోలు ఒలిచి, కొవ్వును మాంసపు తునుకలను గీకివేసి, పెదవులను లోపలినుండి చీల్చి పలుచన చేసి, చెవులను తిరుగవేసి, పంజాలలోని యెముకలను గోళ్ళ మొదళ్ళదాక తీసి, ప్రతి మడతయందును ఉప్పో పటికపొడియో రుద్దవలసియుండెను. పిమ్మట నీడపట్టున గాలికి ఆరబెట్టవలెనే గాని యెండలో పరచరాదు. ఎండకు బిగుసుకొనిన తోలు తరువాత ఎంత నానబెట్టినను సరిగా మెత్తబడదు. ఈ పని క్షుణ్ణముగా నెరిగినవారు తుపాకి పట్టిన దొరలకంటె వారి వెంటనుండిన షికారీలే. అయినను వేటగ్రంథములలో దొరల బిరుదులతోసహా అన్నియు నున్నవి, షికారీల పేర్లు మాత్రము చాలవరకు లేవు.

తోలును తినెడు పురుగులనుండి కాపాడుటకై పాషాణము కలిపిన సబ్బును లోపలివైపున పూసెడివారు. పదునెనిమిదవ శతాబ్దమున బెకూర్ అను ఫ్రెంచి ఔషధకారుడు కనిపెట్టిన యోగమిది. పురుగులకేగాక మనుష్యులకును విషమే గనుక, తాతలనాటి పులితల యింట నున్నవారు దానిని వట్టిచేతులతో తుడువకుండుట మేలు.

ఇట్లు ఉప్పుపట్టిన చర్మములు అసంఖ్యాకముగా చేరినచోటు మైసూరు. డచ్చి మూలము గల యూజీన్ వాన్ ఇంగెన్ అను నతడు 1900 ప్రాంతమున అచ్చట ట్యాక్సిడెర్మీ (మృగచర్మములకు సజీవరూపమిచ్చు విద్య) కర్మశాలను నెలకొల్పెను. బోథా, డి వెట్, జూబెర్ అని కుమారులకతడు పెట్టిన పేర్లు దక్షిణాఫ్రికాలో ఆంగ్లేయులతో పోరాడిన బోయరు సేనానులవి. ఆ కుమారుల వృత్తియో, ఆంగ్లేయులు చంపిన పులులకు రూపమిచ్చుట! శతాబ్దాంతమున మూతపడువరకు ఆ కర్మశాలలో 43,000కు పైగా పెద్దపులులును చిరుతపులులును రూపుదాల్చినవని, దాని చరిత్రను వ్రాసిన ప్యాట్ మారిస్ లెక్కగట్టెను.

చర్మములో గడ్డి కూరి కుట్టుట పాతపద్ధతి. అట్లు చేసిన మృగము ఉబ్బిన దిండువలె నుండెడిది. మైసూరువారు దానిని విడిచి, కండరముల పొందికను శ్రద్ధగా పరిశీలించి మూసలు సిద్ధపరచి, వానిలో జిగురు పట్టించిన కాగితములను పొరలు పొరలుగా అద్ది, ఆరిన పిదప బోలుగా తేలికగా నుండు దేహమును వెలికితీసి, ఊనిన చర్మమును దానికి తొడిగెడివారు. కన్నులు గాజువి, నోటిలోని యెరుపు రంగుతో తెచ్చినది. నోరు మూసికొనిన శాంతముఖము కావలెనో, కోరలు వెలిబెట్టిన రౌద్రముఖము కావలెనో కోరుకొనువాడు వేటగాడు. రౌద్రమునకే గిరాకి హెచ్చని వేరుగా చెప్పవలయునా? మంచెమీదనుండియో ఏనుగుమీదనుండియో పేలిన గుండునకు, చంపువాని ముఖమైనను చూడక కూలిన పులులెన్నియో కలవు. బ్రతికియున్న పులికి రాని యా కోపము దాని చర్మమునకు మైసూరులో వచ్చినది. పనివారి నైపుణ్యమును నేను శంకింపను, అది నిజముగా అపూర్వమైనది. ఆ నైపుణ్యము వేటగాని యాత్మస్తుతికి వినియోగపడెననియే నా యభియోగము.

కొమ్ముల సంగతి ఇంత క్లిష్టము కాదు. దుప్పికొమ్ము ఎముకయే, ఏటేట రాలి మరల మొలచును. కృష్ణజింక కొమ్ము ఎముకమీద తొడుగువలె నుండి ఎన్నడును రాలదు. ఈ రెండవ జాతివానిని నానబెట్టి తొడుగు నూడదీసి లోపల శుభ్రపరుపనిచో, లోనున్న మాంసము కుళ్ళి పురుగులను పిలుచును.

పులి భుజకండరములలో, ఏ యెముకతోను కీలు కలియక, వంకరగా నుండు చిన్న యెముకలు రెండు కలవు. వానిని అదృష్టచిహ్నములని భావించి బంగారమున పొదిగించి ధరించినవారు పెక్కుమంది. మన యిండ్లలో బిడ్డల మెడలలో వ్రేలాడిన పులిగోరు పతకములదియు ఇట్టి నమ్మకమే.

అనుకొనని ఉపయోగమొకటి ఈ ట్రోఫీలవలన కలిగినది. బ్రిటిషు మ్యూజియములకు చేరిన పాత పులిచర్మములనుండి డి.ఎన్.ఏ. తీసి నేటి పులులతో పోల్చిన శాస్త్రజ్ఞురాలు ఉమా రామకృష్ణన్ ప్రభృతుల పరిశోధన 2013లో ప్రకటితమైనది. తల్లివైపునుండి సంక్రమించు జన్యుభేదములలో, పాత చర్మములలో కానవచ్చినవానిలో 90 శాతమునకు పైగా నేటి పులులలో కానరాలేదు. ఆ వంశములు నశించుటలో వేటతుపాకికిని పాలున్నది గనుక, వాని జాడ నిలిపినందుకు వేటగాండ్రకు కృతజ్ఞత చెప్పుటకు నాకు నోరు రాదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఈ వ్యాపారము సన్నగిల్లెను. తాతలు దాచిన పులిచర్మమైనను, నగలపెట్టెలోని పులిగోరైనను, యాజమాన్యపు ధ్రువపత్రము లేనిదే యింట నుంచుకొనరాదు. ధ్రువపత్రము కలిగియున్నను విక్రయింపరాదు. వారసత్వముగా మాత్రము సంక్రమింపవచ్చును. అట్లు పొందినవారు 90 దినములలోగా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి ఆ సంగతి తెలుపుకొనవలెను.