శ్రీకూర్మం గోడ మీద సంతకం లేని గీత

శ్రీకాకుళం దగ్గరి శ్రీకూర్మనాథుడి గుడిలో రాతి మీద పేర్లకు కొదవలేదు. ఎవరు ఏం దానమిచ్చారో, ఎవరు ఏ కోవెల కట్టించారో శాసనాలు చెబుతాయి. గంగరాజుల కాలంలో కళింగంలో అధికారం నెరపిన నరహరి తీర్థుల శాసనం 1281 నాటిది. అదే గుడి ప్రదక్షిణ మండపం గోడల మీద రంగుల్లో విష్ణుకథలున్నాయి. వాటిని వేసినవాళ్ళ పేర్లు మాత్రం మనదాకా రాలేదు.

యూరప్‌లో గోథిక్ కాలపు చివరి చిత్రాలదీ చాలావరకు ఇదే స్థితి. బెల్జియంలోని బ్రూజ్ నగరంలో, చెక్కపలక మీద వేసిన పునీత లూసీ కథ 1480 నాటిది. చిత్రకారుడి పేరు దొరక్క, ఆ కథ పేరుతోనే అతణ్ణి పిలుస్తున్నారు. ఓక్ పలకలైతే చెట్టు వలయాలు లెక్కపెట్టి, ఏ ఏటికి ముందు ఆ చెట్టును కొట్టి ఉండరో చెప్పవచ్చు. గోడకు వలయాలుండవు కనుక సాక్ష్యం రంగులోనే వెతకాలి.

మన పాత చిత్రకారుల సరంజామా చిన్నది. ఎరుపుకు జాజు, పసుపుకు పసుపుమట్టి, నలుపుకు దీపపు మసి, తెలుపుకు సున్నం. వీటిని జిగురులో కలిపి, ఆరిన సున్నపుగార మీద వేయడం మన దేశంలో బాగా నడిచిన పద్ధతి. జాజు ఎరుపు శతాబ్దాలు నిలుస్తుంది. అందులోని ఇనుముకు పట్టాల్సిన తుప్పు ముందే పట్టేసింది, ఎండా గాలీ ఇక కొత్తగా చేసేదేమీ లేదు. నీలిమందు మొక్క రంగు మాత్రం వెలుతురుకు వెలిసిపోతుంది.

గోడను గీకకుండానే ఎక్స్‌రే కిరణంతో ఏ రంగులో ఏ మూలకం ఉందో కనిపెట్టవచ్చు. ఎరుపులో పాదరసం కనిపిస్తే అది ఇంగిలీకం. నీలంలో ఇనుము కనిపిస్తే, 1704 ప్రాంతంలో బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ నీలమేమోనని అనుమానించాలి. లేజర్ కాంతిలో అది ఖాయమైతే, ఆ పూత అంతకుముందుది కానే కాదు. టైటానియం తెలుపు తేలితే అది ఇరవయ్యో శతాబ్దపు పూతో, ఆ తర్వాతిదో. అయితే ఒక్క పూతను బట్టి బొమ్మంతటికీ వయసు కట్టకూడదు, అది తర్వాతి మరమ్మతు కావచ్చు. ఇసుకరేణువంత పెచ్చును అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఏ పొర కింద ఏ పొర ఉందో తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటైనది పరారుణ కెమెరా. మసి ఆ కిరణాలను పీల్చుకుంటుంది, పై రంగులు చాలావాటిని పోనిస్తాయి. అందుకని మసితో వేసిన తొలిగీత రంగుల కిందనుంచి బయటపడుతుంది. చిత్రకారుడు ముందు ఒకచోట వేలు గీసి, నచ్చక పక్కకు జరిపి ఉంటే అదీ కనిపిస్తుంది. పేరు లేకపోతేనేం, అతడు ఎక్కడ ఆలోచనలో పడ్డాడో చూడగలం.

శ్రీకూర్మానికి సముద్రం దగ్గర. ఇలాంటి చోట గారలోకి ఉప్పు దిగుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీరుకారుతుంది, తగ్గితే గారలోని సందుల్లో స్ఫటికమై రంగును పైకి నెడుతుంది. ఏళ్ళ తరబడి ఇలా సాగితే రంగు పొడిగా రాలుతుంది. టార్చిని గోడకు ఆనించినంత ఏటవాలుగా వేసి చూస్తే, లేచిన పెచ్చులు నీడలతో సహా కనిపిస్తాయి.

ఇటువంటి గోడలకు నేను ఉప్పుకన్నా ఎక్కువ భయపడేది తడిగుడ్డకు. తుమ్మజిగురులాంటిది నీళ్ళలో కరుగుతుంది. దానితో కట్టిన రంగును మసి వదిలిద్దామని ఎవరైనా తుడిస్తే, మసితోపాటు రంగూ, దాని కింది తొలిగీతా గుడ్డకే వస్తాయి.