రైలు కాపలా కొలువు

రైల్వేస్టేషనులో ఖాకీ దుస్తులు కనబడగానే "పోలీసులు" అంటారు మనవాళ్ళు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ దుస్తులు వేసికొన్నవాణ్ణి గనుక ముందుగా ఆ సంగతి చెబుతాను. స్టేషనులో ఖాకీవారు రెండు రకాలు. ఒకరు రాష్ట్ర ప్రభుత్వపు రైల్వే పోలీసులు. మీ పెట్టె పోయినా, మెడలో గొలుసు తెంచుకుపోయినా కేసు కట్టేది వారు. రెండవవారు కేంద్ర ప్రభుత్వపు రైల్వే రక్షణ దళం, అంటే ఆర్.పి.ఎఫ్. నా కొలువు ఇందులో. ఆపదలో ఉన్న ప్రయాణీకుడు ఈ తేడా వెతుక్కోనక్కరలేదు; ఎదుట ఎవరుంటే వారికే చెప్పవచ్చు.

మా దళానికి పూర్వపు పేరు "వాచ్ అండ్ వార్డు". యార్డులో ఇనుము, గూడ్సు బండిలో బస్తాలు పోకుండా చూడడం వారి పని. 1957లో పార్లమెంటు చట్టం చేసి రైల్వే రక్షణ దళాన్ని ఏర్పరచింది. అప్పుడైనా కాపలా సరుకుకే గాని మనిషికి కాదు. దొంగిలించిన రైల్వే సామాను దగ్గర ఉంచుకొన్నవారిపై విచారణ జరిపే అధికారం 1966 చట్టంతో వచ్చింది. 1985లో మాది కేంద్ర సాయుధ దళమయింది. 2003లో చట్టం సవరించగా, మరుసటి ఏడు నుంచి ప్రయాణీకుల రక్షణ కూడా మా బాధ్యతలో చేరింది.

కాగితంమీద ఇది చిన్న సవరణ. మాకు మాత్రం పనే మారిపోయింది. నేను చేరిన కొత్తలో రాత్రంతా లాంతరు పుచ్చుకొని వాగన్ల సీళ్ళు చూచుకొంటూ నడిచేవాళ్ళం. బస్తా పోతే సీలు తెగి ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. మనిషి దారి తప్పితే ఏ సీలూ తెగదు. వేలమందిలో ఆ ఒక్కరిని కనిపెట్టాలి. మా ఉద్యోగంలో తుపాకీ కంటె, లాఠీ కంటె ఎక్కువ పనికివచ్చేది ఈ చూపే.

ఉదాహరణకు ఒక్కటి చెబుతాను. విజయవాడలో ఒకనాడు రాత్రి రెండు దాటింది. ప్లాటుఫారం చివరి బల్లమీద పన్నెండేళ్ళ కుర్రవాడు కూర్చుని ఉన్నాడు. మూడు బళ్ళు వచ్చి వెళ్ళాయి. వాడు ఎక్కలేదు, ఎవరికోసమూ తొంగి చూడలేదు. చేతిలో సంచి లేదు. కాళ్ళకు మాత్రం బడికి తొడుక్కొనే నల్లబూట్లు. అంతకుముందునుంచీ ఒక మనిషి ఆ బల్లచుట్టూ తచ్చాడుతున్నాడు. మమ్మల్ని చూచి మెల్లగా టీ దుకాణంవైపు జారుకొన్నాడు.

"ఏం బాబూ, ఎవరితో వచ్చావు?" అన్నాను.

"మా బాబాయితోనండీ. ఇప్పుడే వస్తానన్నాడు."

"సరే. నువ్వేమన్నా తిన్నావా?"

అంతే, కళ్ళనీళ్ళు పెట్టుకొన్నాడు. మా మహిళా కానిస్టేబులు ఇడ్లీ తెప్పించి పక్కన కూర్చుంది. రెండో ఇడ్లీ అయ్యేసరికి ఊరు చెప్పాడు. మూడోది అయ్యాక, మార్కుల కాగితంమీద నాన్న సంతకం తానే పెట్టాననీ, అది బయటపడేలోగా ఇల్లు విడిచాననీ చెప్పాడు. ఫోను చేశాం. చట్టం ప్రకారం, ప్రయాణకాలం మినహాయించి, ఇరవైనాలుగు గంటలలోగా అటువంటి పిల్లలను శిశు సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. అట్లాగే చేశాం. తండ్రి వచ్చాడు. సంతకం ఊసే ఎత్తలేదు. "మీ అమ్మ నిన్నటినుంచి అన్నం ముట్టలేదురా" అని మాత్రం అన్నాడు.

ఇది అరుదైన కథ కాదు. పిల్లలకోసం మా దళం నడుపుతున్న "నన్హే ఫరిస్తే" అనే కార్యక్రమంలో 2018 మొదలు 2024 మే వరకు రక్షించిన పిల్లలు 84 వేలకు పైమాటే. ఇల్లు విడిచి వచ్చినవారు కొందరు, జనంలో తప్పిపోయినవారు కొందరు, పనికని ఎవరో తరలిస్తున్నవారు మరికొందరు. ఒంటరిగా ప్రయాణంచేసే ఆడవారికోసం 2020లో "మేరీ సహేలీ" మొదలయింది. బండి బయలుదేరే స్టేషనులోనే మా ఆడపిల్లలు వారిని పలకరించి, బెర్తు నంబరు రాసికొని, దారిలోని స్టేషన్లకు తెలియజేస్తారు.

ఈ కొలువులో చేరదలచినవారు కూడా మీ ఇళ్ళలో ఉండవచ్చు. 2024 ప్రకటనలో 4,208 కానిస్టేబులు, 452 సబిన్‌స్పెక్టరు ఖాళీలు చూపారు. మొదటిదానికి పదవ తరగతి, రెండవదానికి డిగ్రీ. మూలవేతనం మొదట 21,700, 35,400 రూపాయలు. రాతపరీక్ష గట్టెక్కితే చాలదు. కానిస్టేబులు కావాలంటే మగపిల్లలు 1600 మీటర్లు 5 నిమిషాల 45 సెకండ్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 3 నిమిషాల 40 సెకండ్లలో పరుగెత్తాలి. "ఆడపిల్లకు ఈ ఉద్యోగమేమిటి?" అనే పెద్దలకు ఒక్కమాట: 2025లో ఈ దళానికి డైరెక్టర్ జనరల్‌గా వచ్చిన సోనాలీ మిశ్రా ఆ పదవిలో మొదటి మహిళ.

కష్టం దాచను. దసరాకు, సంక్రాంతికి ఊరంతా ఇంటికి పోతుంటే మేము వాళ్ళను బండి ఎక్కిస్తూ ఉంటాం. మా ఇంట్లో పండుగ రెండురోజులు ఆలస్యంగా వచ్చేది; పిల్లలు దానికే అలవాటు పడ్డారు.

చివరకు మీకు రెండు మనవులు. మీ పిల్లలచేత తండ్రి పేరు, ఊరు, ఫోను నంబరు నోటికి వల్లె వేయించండి. రైల్లోగాని స్టేషనులోగాని ఒంటరిగా ఉన్న పిల్లవాడు కనబడితే "మనకెందుకులే" అనుకోక మావాళ్ళకు చెప్పండి, లేదా 139కి ఫోను చేయండి. వాడి వాళ్ళెవరో పక్కనే ఉంటే మీకు పోయేది ఒక నిమిషం. లేకపోతే ఆ నిమిషంకోసం ఎక్కడో ఒక తల్లి అన్నం మానుకొని కూర్చుని ఉంటుంది.